చింత వేరు, దోషభావం వేరు

చింత, దోషభావం తరచూ జంటగా వస్తాయి. అందుకే చాలామంది విశ్వాసులు రెంటికీ ఒకే మందు వాడతారు: ఇంకాస్త ప్రార్థన, ఇంకో ఉపవాసం, మరోసారి ఒప్పుకోలు. కొన్నాళ్లు నెమ్మదిగా అనిపిస్తుంది. తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి పాత బరువుతో పాటు "నా విశ్వాసమే చాలదేమో" అన్న కొత్త బరువు కూడా నెత్తికెక్కుతుంది. చాలాసార్లు ఇది విశ్వాసం తక్కువై జరిగేది కాదు. చింతకు చేయాల్సిన పని దోషభావానికీ, దోషభావానికి చేయాల్సిన పని చింతకూ చేస్తే ఎవరికైనా ఇలాగే జరుగుతుంది.

చింత రేపటి మీద పడుతుంది. ఇంకా జరగనిదాన్ని పట్టుకుని "ఏమీ కాదని ఖాయంగా చెప్పు" అని పోరు పెడుతుంది. దోషభావం నిన్నటి మీద పడుతుంది. జరిగిపోయినదాన్ని పట్టుకుని "దీనికి వెల ఎవరు చెల్లిస్తారు" అని నిలదీస్తుంది. ఈ రెండు ప్రశ్నలకూ లేఖనం ఇచ్చే జవాబులు వేరు. రేపు నీ చేతిలో లేదు, నీ పరలోకపు తండ్రి చేతిలో ఉంది అన్నది మొదటి జవాబు. వెల సిలువ మీద చెల్లింది, నువ్వు పాపాన్ని ఒప్పుకుని, విడిచిపెట్టి, చెడగొట్టినదాన్ని చేతనైనంత సరిచేయి అన్నది రెండోది. నిజంగా తప్పు చేసినవాడితో "దిగులు పడకు" అంటే తప్పును దాటవేయమని నేర్పినట్టే. ఊరికే భయపడుతున్నవాడితో "ఏదో పాపం దాచి ఉంటావు, ఒప్పుకో" అంటే లేని నేరాన్ని తవ్వుకోమన్నట్టే.

కాబట్టి మొదటి పని విడదీయడం. దీనికి ఒక కాగితం, ఓ పది నిమిషాలు చాలు. మనసులో తిరుగుతున్న మాటను తిరుగుతున్నట్టే ఒక్క వాక్యంగా రాయాలి. "ఉద్యోగం పోతే పిల్లల చదువు ఆగిపోతుంది" అని వచ్చిందంటే అది చింత. "అన్నదమ్ముల పంపకంలో తమ్ముడి వాటా దాచాను" అని వచ్చిందంటే అది దోషభావం, దానికి కారణం కూడా నిజమైనది. మూడో రకం వాక్యాలు ఉంటాయి: "నేను దేనికీ పనికిరాను", "దేవుడికి నా మీద కోపం ఉంది", "ఎక్కడో ఏదో తప్పు చేసే ఉంటాను." వీటిలో ఎవరికి, ఏమిటి, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరకదు. ఈ తేడా చాలా ముఖ్యం. పరిశుద్ధాత్మ పాపాన్ని ఒప్పించేటప్పుడు పేరు పెట్టి ఒప్పిస్తాడు. నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరకు వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాక ఊరుకోలేదు. హిత్తీయుడైన ఊరియాను కత్తితో చంపించావు, అతని భార్యను తీసుకున్నావు అని విప్పి చెప్పాడు (2 సమూయేలు 12). దావీదుకు ఏం ఒప్పుకోవాలో, ఏది మానాలో స్పష్టంగా తెలిసింది. ఎంత తవ్వినా పేరు దొరకని నేరారోపణను ఆత్మ స్వరమని తొందరపడి నమ్మకూడదు.

ఇంకొన్ని వాక్యాలు చూడటానికి దోషభావంలాగే ఉంటాయి, కానీ కావు. తల్లి చివరి క్షణాలకు అందలేకపోయినవారు, ప్రమాదంలో తాము బతికి పక్కవారు పోయినవారు, వేధింపుకు గురైనవారు "నా వల్లే" అనుకుంటారు. మొదటి రెండూ దుఃఖం. దుఃఖానికి ఏడ్పు కావాలి, తోడు కావాలి. పాపక్షమాపణ ప్రార్థన అక్కడ అసందర్భం. ఇక ఒకరి చేతిలో నలిగినవారి విషయంలో మాట మెత్తగా చెప్పే వీలు లేదు: వేధించినవాడి పాపాన్ని వేధింపుకు గురైనవారి చేత ఒప్పుకోలు చేయించడం ఆత్మీయ సలహా కాదు, రెండో గాయం.

చింతతో చేయాల్సిన పని

ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయం ఆరో వచనం ఎందరికో కంఠతా వచ్చు: "దేనినిగూర్చియు చింతపడకుడి గాని ప్రతి విషయములోను ప్రార్థన విజ్ఞాపనములచేత కృతజ్ఞతాపూర్వకముగా మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి." పౌలు ఈ మాట బంధకాల్లో ఉండి రాశాడు. తన తీర్పు ఎటు పోతుందో తెలియకుండా రాశాడు. పైగా ఏడో వచనంలో ఇచ్చిన మాట జాగ్రత్తగా చూడాలి. అడిగింది దొరుకుతుందని అక్కడ లేదు. దేవుని సమాధానం హృదయాలకూ తలంపులకూ కావలి ఉంటుందని ఉంది. ప్రార్థన పూర్తయ్యేసరికి రేపు ఖాయమైపోవాలని చూసేవారు, ఇవ్వని వాగ్దానం కోసం ఎదురు చూస్తున్నారు. అది రాకపోయేసరికి ఇచ్చిన వాగ్దానం కూడా చేజారినట్టు అనిపిస్తుంది.

ఈ వచనాన్ని పనిలో పెట్టడం ఎలా? స్కాన్ రిపోర్టు రావడానికి ఇంకా నాలుగు రోజులున్న మనిషిని తీసుకుందాం. మామూలుగా ఆమె చేసే ప్రార్థన ఇది: "ప్రభువా, ఏమీ కాకూడదు, ఏమీ కాకూడదు, ఒకవేళ అయితే పిల్లలు ఏమవుతారు, ఎవరు చూస్తారు, ప్రభువా ఏమీ కాకూడదు." అరగంట గడిచాక లేస్తే గుండె ముందుకన్నా వేగంగా కొట్టుకుంటుంది. మోకాళ్ల మీద ఉన్నంత మాత్రాన చింత ప్రార్థన అయిపోదు. తలంపులు అదే గుండ్రంలో తిరిగాయి, కొత్తగా చేరింది ప్రభువు పేరు ఒక్కటే.

అదే మనిషి కాగితం మీద భయాన్ని చివరిదాకా రాస్తే తీరు మారుతుంది. "గడ్డ ప్రమాదకరమైనదని వస్తుందేమో. వస్తే ఆపరేషన్. ఆపరేషన్ అయితే మూడు నెలలు పనికి వెళ్లలేను." ఇలా రాసినప్పుడు భయానికి అంచులు కనబడతాయి. తర్వాత కింద గీత గీసి రెండు భాగాలు చేయాలి: ఈ రోజు చేయగలిగినవి, ఈ రోజు చేతిలో లేనివి. డాక్టరును ఏం అడగాలో రాసుకోవడం, అక్కతో చెప్పడం మొదటి వైపు. రిపోర్టులో ఏముంటుందో రెండో వైపు. "ఏనాటికీడు ఆనాటికి చాలును" అని యేసు చెప్పింది సరిగ్గా ఈ గీత గురించే. రేపు లేదని ఆయన అనలేదు, కీడు రాదనీ అనలేదు. రేపటి కీడును ఈ రోజు మోయవద్దన్నాడు. రెండో వైపు ఉన్నదాన్ని పేరు పెట్టి అడగాలి: "గడ్డ మామూలుది కావాలని కోరుతున్నాను. కాకపోతే ఆ రోజుకు కావాల్సిన బలం ఆ రోజు ఇవ్వు." కృతజ్ఞత కూడా అలాగే పేరుతో ఉండాలి. "అన్నిటికీ స్తోత్రం" అని తేల్చేస్తే మనసు ఎక్కడా నిలవదు. పోయిన ఏడాది ఏ ఇబ్బంది నుంచి ఎలా బయటపడ్డామో ఒక్కటి చెబితే నిలుస్తుంది. ఆమేన్ అన్నాక మొదటి వైపు ఉన్న పనుల్లో ఒకటి వెంటనే చేయాలి.

గంట తిరక్కుండానే ఆ భయం మళ్లీ వస్తుంది. రావడం ఓటమి కాదు. అప్పుడు మొదటి నుంచీ ప్రార్థించనక్కర్లేదు, భయంతో వాదించనక్కర్లేదు. "ఇది చెప్పాను, ఆయన దగ్గర ఉంది" అని ఒక్క మాట అనుకుని చేతిలో ఉన్న పనికి మళ్లాలి. రోజుకు ఇరవై సార్లు వస్తే ఇరవై సార్లూ ఇంతే. మరీ ఉక్కిరిబిక్కిరి చేస్తుంటే, మనస్తత్వ నిపుణులు చాలాకాలంగా సూచిస్తున్న పద్ధతి ఒకటి ఇక్కడ చక్కగా కలుస్తుంది: చింతకు రోజులో ఒక వేళ కేటాయించడం. పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, ప్రతిరోజూ ఒకే సమయం, నిద్రకు దగ్గరగా కాకుండా. మధ్యలో వచ్చిన భయాలను చిన్న మాటగా రాసి ఆ వేళకు వాయిదా వేయాలి. ఆ వేళ రాగానే కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే దేవునికి చెప్పాలి. సగానికి సగం అప్పటికే చప్పబడి ఉంటాయి. తక్కినవాటికి ప్రార్థన తిన్నగా జరుగుతుంది.

పౌలు ఏడో వచనంతో ఆగలేదు. ఎనిమిదిలో ఏవి సత్యమైనవో, మాన్యమైనవో, న్యాయమైనవో వాటి మీద ధ్యానముంచమన్నాడు; తొమ్మిదిలో నేర్చుకున్నవాటిని చేయమన్నాడు. చింతించే మనసును ఖాళీగా ఉంచలేం. "ఆలోచించకూడదు" అని బిగబట్టిన కొద్దీ అదే ఆలోచన పొంగుతుంది. దానికి వేరే మేత వేయాలి. సగం తెలిసిన ముప్పై వచనాల కన్నా పూర్తిగా నోటికి వచ్చిన ఒక్క కీర్తన ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది. 13వ కీర్తన దీనికి సరిపోతుంది. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో "ఎంతకాలం" అన్న ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తుంది, తర్వాతి రెండింటిలో విన్నపం, చివరి రెండింటిలో నమ్మిక. ఫిర్యాదును మింగేసి నేరుగా నమ్మికకు దూకమని ఆ కీర్తన అడగదు. చాలామంది ఇళ్లలో, సంఘాల్లో నేర్పే ప్రార్థనలో ఈ ఫిర్యాదు భాగమే తప్పిపోయింది.

ఒక అలవాటు గురించి విడిగా హెచ్చరించాలి. భయం పుట్టగానే బైబిలు కళ్లు మూసి తెరిచి వేలు పెట్టిన వచనం చూడటం, మంచి వాగ్దానం వచ్చేదాకా మళ్లీ తెరవడం, ఒక సంఘకాపరి చెప్పాక ఇంకో కాపరిని, ఆ తర్వాత ప్రవచనం చెప్పేవారిని అడగడం. ప్రతిసారీ కొద్దిసేపు హాయిగా ఉంటుంది. అదే ఉచ్చు. "అడిగాను కాబట్టే ప్రమాదం తప్పింది" అని మనసు నేర్చుకుంటుంది, మరుసటి రోజు ఇంకా ఎక్కువ అడగమంటుంది. విశ్వాసమంటే ఫలితం ముందే తెలియడం కాదు. అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యౌవనులు దేవుడు రక్షించగలడని చెప్పి, వెంటనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు. ఆ రెండో మాట అనగలిగిన చోటే చింత పట్టు సడలుతుంది.

చింతపడటమే పాపమని కొందరు బోధిస్తారు. అలా నేర్చుకున్న మనిషికి చింత కలిగిన ప్రతిసారీ దోషభావం కూడా కలుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. దేనికీ చింతపడవద్దన్న పౌలే కొరింథీయులకు రాస్తూ సంఘాలన్నిటిని గూర్చిన చింత తనకు దినదినమూ ఉందన్నాడు (2 కొరింథీ 11:28). గెత్సేమనేలో ప్రభువు మరణమంత దుఃఖంలో మునిగి, అదే మాటతో మూడుసార్లు ప్రార్థించాడు. పాపమెరుగని ఆయనకే ఒళ్లు చెమటలు పట్టాయి. చింతలో పడటం వేరు, చింతను యజమానిగా కూర్చోబెట్టి దాని మాట ప్రకారం బతకడం వేరు. యేసు వద్దన్నది రెండోది.

దేహం సంగతి కూడా లేఖనమే చూపిస్తుంది. ఏలీయా బదరీ చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నప్పుడు దేవదూత అతన్ని గద్దించలేదు, ప్రసంగం చేయలేదు. తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి అక్కడ ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. హోరేబులో దేవుని మాట వినబడింది ఆ తర్వాత, నలభై రోజుల నడక తర్వాత (1 రాజులు 19). నిద్ర లేని రాత్రులు, వేళ తప్పిన తిండి, రోజంతా కాఫీ, గుర్తించని థైరాయిడ్ లోపం, రక్తహీనత: ఇవన్నీ గుండెదడను, అలజడిని పుట్టిస్తాయి. రక్తపరీక్ష చేయించుకోవడం అవిశ్వాసం కాదు.

భయం ఉన్నట్టుండి ఊపిరాడనంతగా ముంచెత్తితే, అది సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఛాతీనొప్పి మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం ముందు గుండె పరీక్షే. అది కాదని తేలాక, తర్వాతిసారి వచ్చినప్పుడు నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పీల్చేటప్పుడు "యెహోవా నా కాపరి", వదిలేటప్పుడు "నాకు లేమి కలుగదు". ఐదు నిమిషాలు. వచనాన్ని భయాన్ని తరిమే మంత్రంలా గబగబా వల్లించకూడదు. అలా చేస్తే భయం పోయిందా లేదా అని కనిపెట్టుకుని కూర్చుంటాం, అది పోదు.

దోషభావం: ఒప్పుకోవడం, దిద్దుకోవడం

నిజమైన తప్పుకు దోషభావం కలగడం ఆరోగ్యం. 32వ కీర్తనలో దావీదు మౌనంగా ఉన్నన్నాళ్లూ తన ఎముకలు క్షీణించాయంటాడు. పగలూ రాత్రీ బరువు. ఆ బరువు దిగిన చోటు ఐదో వచనం: "నా దోషమును కప్పుకొనక నీ యెదుట నా పాపము ఒప్పుకొంటిని." కప్పుకోకపోవడం అన్నదే అసలు కష్టం. చాలా ఒప్పుకోళ్లు కప్పుకుంటూనే సాగుతాయి. "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు" అన్నది ఏ పాపాన్నీ ఒప్పుకోని ప్రార్థన. "కోపంలో అన్నాను గానీ, వాళ్లూ తక్కువేం కాదు" అన్నదాంట్లో మొదటి సగాన్ని రెండో సగం తినేసింది. సరైన ఒప్పుకోలు పొట్టిగా ఉంటుంది: "అమ్మకు వైద్యం కోసం అన్న పంపిన డబ్బులో కొంత నా అప్పుకు వాడుకున్నాను. అడిగితే మందులకే అయిందని అబద్ధం చెప్పాను." చేసిన పని, అబద్ధం, ఎవరికి. సాకు లేదు, ఏడుపు పెంపు లేదు.

దేవుని ఎదుట ఇది ఒక్కసారి చెబితే చాలు. మొదటి యోహాను 1:9 క్షమాపణను మన ఏడుపు లోతు మీద నిలబెట్టలేదు, ఆయన నమ్మదగినవాడూ నీతిమంతుడూ కావడం మీద నిలబెట్టింది. నీతిమంతుడు అన్న మాట అక్కడ ఉండటం గమనించాలి. వెల ఒకసారి చెల్లిపోయింది కాబట్టి మళ్లీ వసూలు చేయడం ఆయన న్యాయానికి కుదరదు.

అయితే ఒప్పుకోలు దేవుని దగ్గరే ఆగిపోతే కొన్నిసార్లు మనసు కుదుటపడదు, పడకూడదు కూడా. బలిపీఠం దగ్గర అర్పణ ఉండగానే సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని యేసు అన్నాడు. మోషే ధర్మశాస్త్రంలో మోసంతో తీసుకున్నదాన్ని మొత్తం తిరిగిచ్చి, దాని మీద ఐదో వంతు కలపాలి (లేవీయకాండము 6). అంటే వంద తీసుకుంటే నూట ఇరవై. పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. ఈ చెల్లింపు క్షమాపణను కొనడానికి కాదు. జక్కయ్య ఇంటికి ప్రభువు వస్తానన్నది అతను నాలుగంతల మాట ఎత్తకముందే. పై ఉదాహరణలోని మనిషి "దేవుడు నన్ను క్షమించాడు" అని పదేళ్లు పాడుకున్నా, అన్నయ్య డబ్బు అన్నయ్యకు చేరనంతవరకు లోపల ముల్లు గుచ్చుతూనే ఉంటుంది. ఆ నొప్పిని సాతాను శోధన అని గద్దించి ప్రయోజనం లేదు. ఒక్కసారే ఇవ్వలేకపోతే నెలకు ఇంతని రాసి ఇవ్వడం మొదలుపెట్టినా సరే, ముల్లు కదులుతుంది.

ఎదుటివారితో ఎంతవరకు చెప్పాలి? తప్పు ఎవరి దాకా చేరిందో ఒప్పుకోలు వారి దాకా చేరాలి. సంఘమంతటి ముందు చేసిన అవమానానికి ఒంటరిగా అడిగిన క్షమాపణ చాలదు. మనసులోనే రేగిన అసూయను ఆ మనిషికి వెళ్లి చెబితే, మన బరువు దించుకుని అతని నెత్తిన పెట్టినట్టు. గాయపడిన మనిషి మళ్లీ కలవడానికి ఇష్టపడకపోతే ఆ హద్దును గౌరవించడమే పశ్చాత్తాపం. తలుపు తట్టడం కాదు. ఆ మనిషి బతికి లేకపోతే నమ్మకమైన ఒక పెద్ద ఎదుట ఒప్పుకుని, చెల్లించాల్సినది వారి పిల్లలకో వారసులకో చేర్చాలి. నేరం చట్టానికి సంబంధించినదైతే చట్టం ముందు నిలబడటం కూడా దిద్దుకోవడంలో భాగమే. క్షమించబడిన దావీదు ఇంట్లోనూ పాపఫలితాలు మిగిలాయి. క్షమాపణ అడిగినంత మాత్రాన ఎదుటివారు అదే రోజు క్షమించాలని, మునుపటిలా నమ్మాలని ఒత్తిడి చేసే హక్కు ఎవరికీ లేదు.

యేసును అప్పగించిన యూదా ఇస్కరియోతు తన పాపం ఒప్పుకోలేదని చాలామంది అనుకుంటారు. మత్తయి 27 చదివితే అతను "పాపము చేసితిని" అన్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగి తెచ్చాడు. ఒప్పుకోలూ ఉంది, తిరిగివ్వడమూ ఉంది. కానీ తీసుకెళ్లింది ప్రధానయాజకుల దగ్గరకు. "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అని వాళ్లు చేతులు దులుపుకున్నారు. అతను ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు కూడా అదే రాత్రి మూడుసార్లు బొంకి, వెక్కి వెక్కి ఏడ్చాడు. తేడా ఏమిటంటే తక్కిన శిష్యుల మధ్యే ఉండిపోయాడు, ఒడ్డున ప్రభువు కనబడగానే నీళ్లలోకి దూకి ఆయన వైపు వెళ్లాడు. యోహాను సువార్తలో పేతురు చలి కాచుకుంటూ బొంకింది నిప్పుల దగ్గర. 21వ అధ్యాయంలో ఒడ్డున మళ్లీ నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె. యేసు ముందు భోజనం పెట్టాడు. ఆ తర్వాత మూడు బొంకులకు మూడు ప్రశ్నలు అడిగాడు. మూడోసారికి పేతురుకు బాధ కలిగింది. గాయాన్ని తాకకుండా ఆయన వదల్లేదు. తాకిన ప్రతిసారీ "నా గొఱ్ఱెలను మేపుము" అన్న తరహాలో పని అప్పగించాడు. దోషభావం తీరిందనడానికి ఇదో మంచి గుర్తు: మనిషి తన తప్పు చుట్టూ తిరగడం మాని, ఇతరుల పనిలో పడతాడు.

"దేవుడు క్షమించాడు, నన్ను నేనే క్షమించుకోలేకపోతున్నాను" అనేవారికి అది గర్వమని కొందరు ఠక్కున జవాబిస్తారు. కొందరి విషయంలో నిజమే కావచ్చు. ఎక్కువమందిలో అది పోగొట్టుకున్నదాని మీద దుఃఖం. తాగుడులో పిల్లల బాల్యాన్ని చూసుకోని తండ్రికి క్షమాపణ దొరికినా ఆ ఏళ్లు తిరిగి రావు. అతనికి కావాల్సింది ఇంకో ఒప్పుకోలు కాదు. ఏడవనివ్వాలి, ఇప్పుడున్న పిల్లలతో ఈ వారం ఏం చేయగలడో ఆలోచించనివ్వాలి.

ఒప్పుకున్నకొద్దీ పెరిగే దోషభావం

కొందరికి ఒప్పుకోలే జబ్బుగా మారుతుంది. ప్రార్థనలో ఒక మాట తప్పిందని మొదటి నుంచీ మళ్లీ ప్రార్థించడం, ప్రభువు బల్లలో పాలుపంచుకునే ముందు అయోగ్యంగా తీసుకుంటున్నానేమోనని వణికి వెనక్కి తగ్గడం, మనసులోకి తోసుకొచ్చే దూషణ మాటలకు హడలిపోవడం, క్షమించరాని పాపం చేశానేమోనని ఒకే ప్రశ్న పదిమందిని అడగడం. క్రైస్తవ చరిత్రకు ఇది కొత్త కాదు. 1505లో మఠంలో చేరిన సంస్కర్త మార్టిన్ లూథర్ ఒక్కోసారి ఆరు గంటల దాకా పాపాలు ఒప్పుకునేవాడు. బయటికి రాగానే మరచిపోయినది గుర్తొచ్చేది. 1522లో, తర్వాత జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా మూడు రోజులు పట్టిన రాతపూర్వక ఒప్పుకోలు చేశాక కూడా, మాన్రేసాలో ఏదో వదిలేశానన్న అనుమానంతో నలిగిపోయాడు. మరీ స్పష్టంగా ఉంటే తప్ప పాత పాపాలు ఎత్తవద్దని గురువు ఆజ్ఞాపించాడు. అది పనిచేయలేదు, ఎందుకంటే అతనికి ప్రతిదీ స్పష్టంగానే కనిపించింది. చివరికి గతంలోనిది ఏదీ ఇక ఒప్పుకోకూడదని తీర్మానించుకున్నాకే విడుదల దొరికింది.

ఈ రోజు వైద్యులు దీన్ని అనుమానపు జబ్బులో, అంటే ఓసీడీలో, మతసంబంధమైన రూపంగా గుర్తిస్తారు. చికిత్స కూడా ఇంచుమించు ఇగ్నేషియస్ చేరుకున్న చోటికే చేరుతుంది: అనుమానం రానివ్వు, దాన్ని తీర్చే పని మాత్రం చేయకు. ఒప్పుకోలు ఒక్కసారి, ఒకే మాటలో. తర్వాత ఎంత దడ పుట్టినా తిరిగి చేయకూడదు. దడ మొదట పెరుగుతుంది, కాసేపటికి తనంతట తాను తగ్గుతుంది. అలా తగ్గడం మనసు కొన్నిసార్లు చవిచూస్తే పట్టు వదులుతుంది. దీన్ని శిక్షణ పొందిన నిపుణుడి తోడుతో చేయడం మేలు. కాపరికి ఇందులో కష్టమైన పాత్ర ఉంది. మొదటిసారి ప్రశ్నకు ఓపికగా, పూర్తిగా జవాబు చెప్పి, ఆ జవాబును రాసివ్వాలి. మత్తయి 12లో క్షమాపణ లేదన్నది యేసు చేసిన పని దేవునిదని కళ్లారా చూస్తూ కూడా దాన్ని దయ్యాల అధిపతికి అంటగట్టిన కఠిన హృదయుల గురించి. ఇష్టం లేకుండా తోసుకొచ్చే మాటకు వణికిపోయేవారి గురించి కాదు. ఇంతవరకు ఒకసారి చెప్పాలి. రెండోసారి అడిగినప్పుడు మళ్లీ వివరించడం ప్రేమలా కనిపిస్తుంది, జబ్బుకు మేత అవుతుంది. "నీకు రాసిచ్చాను, ఇప్పుడు కలిసి టీ తాగుదాం" అనడమే సహాయం. "మన హృదయము మనయందు దోషారోపణ" చేసినా దేవుడు హృదయం కన్నా అధికుడన్న యోహాను మాట (1 యోహాను 3:20) ఇలాంటివారి కోసమే రాసినట్టుంటుంది. తీర్పు చెప్పేది హృదయం కాదు.

వైద్యం ఎప్పుడు? చింత దాదాపు ప్రతిరోజూ ఆరు నెలలకు పైగా ఉండి నిద్రను, పనిని, ఇంటిని చెడగొడుతుంటే తప్పకుండా. అంతకుముందే పని చేసుకోలేని స్థితి వస్తే ఆరు నెలల లెక్క చూడనక్కర్లేదు. చింతకు, ఓసీడీకి వాడే మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది, ఓసీడీలో ఇంకా ఎక్కువ. మొదటి వారంలో అలజడి కాస్త పెరగవచ్చు కూడా. అందుకే పదో రోజున "ఉపయోగం లేదు" అని మానేయడం, బాగుపడగానే "ప్రార్థనతో నయమైంది" అని ఒక్కసారిగా ఆపేయడం, రెండూ ప్రమాదమే. తగ్గించడం డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే. ఇంగ్లండు బోధకుడు చార్లెస్ స్పర్జన్ 1856లో లండన్‌లోని సర్రే గార్డెన్స్‌లో బోధిస్తుండగా ఎవరో నిప్పంటుకుందని అరవడంతో తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. అప్పుడతనికి 22 ఏళ్లు. ఆ దెబ్బకు కుంగిపోయాడు, ఆ తర్వాత కూడా జీవితమంతా విడతలు విడతలుగా కుంగుబాటును మోశాడు, దాన్ని ప్రసంగవేదిక మీదే ఒప్పుకున్నాడు. కుంగుబాటు ఉందని అతని విశ్వాసాన్ని ఎవరూ కొట్టిపారేయరు.

చచ్చిపోతే బాగుండునన్న మాట ఎవరి నోట వచ్చినా దాన్ని అవిశ్వాసంగా గద్దించకూడదు, రహస్యంగా దాస్తానని మాట ఇవ్వకూడదు. "ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా, ఎలాగో ఆలోచించావా" అని సూటిగా అడగాలి. అడిగినందువల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా, పురుగుమందులు, మాత్రలు అందకుండా తీసేసి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

మిగతావారికి తోడుగా ఒక మనిషి చాలు, వారానికి ఒక గంట చాలు. యాకోబు 5:16 పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థించమన్నది ఇలాంటి గంట గురించే. వినేవారు విన్నది బయట చెప్పనివారై ఉండాలి, షాక్ కాకూడదు, వెంటనే వచనం తీయకూడదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని మౌనంగా ఉన్నంతసేపూ సరిగ్గానే చేశారు. నోరు తెరిచి కారణాలు వెతకడం మొదలుపెట్టాకే దారి తప్పారు. ఆ గంటలో అడగాల్సినవి కొన్నే. ఈ వారం కాగితం మీద ఏం రాశావు? అందులో నిజమైన తప్పు ఏదైనా ఉందా, ఉంటే ఎవరికి ఏం తిరిగివ్వాలి? నిద్ర ఎలా ఉంది, మందులు వేళకు పడుతున్నాయా? ఒకసారి ఒప్పుకున్నదాన్ని మళ్లీ తెరిచావా? తర్వాత ఇద్దరూ కలిసి ఒక కీర్తన పైకి చదివి, వచ్చే వారం కలిసే రోజూ వేళా అప్పుడే ఖాయం చేసుకుని లేవాలి. "వీలు చూసుకుని కలుద్దాం" అని వదిలేస్తే, మనసు బాగాలేని వారంలో ఆ వీలు ఎప్పటికీ దొరకదు.